412 కిలోమీటర్ల విమాన ప్రయాణం: 31 నిమిషాలా, గంటా 20 నిమిషాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. రెండు చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 412 కిలోమీటర్లు. ప్రయాణ సమయం ఒక వెబ్‌సైట్ 31 నిమిషాలంటోంది, ఇంకొకటి గంటా 1 నిమిషం అంటోంది, టికెట్ మీదేమో గంటా 20 నిమిషాలని ఉంది. విమానం ఏటీఆర్ 72. ఉదయం 9:30కి బయల్దేరి, అవతల దిగాక 12:20కి మరో విమానం ఎక్కాలి. రెండూ వేర్వేరు టికెట్లు, చెక్-ఇన్ చేయాల్సిన బ్యాగ్ ఒకటి ఉంది. ఏ లెక్క నమ్మాలి, రెండో విమానం అందుతుందా అని అడిగారు.

టికెట్ మీద ఉన్నదే నమ్మండి. 9:30కి బయల్దేరితే 10:50కి చేరతారని లెక్కేసుకోండి, 10:01కి కాదు. అందులో గాల్లో ఉండేది దాదాపు గంట. మిగిలింది నేల మీద కదిలే సమయం, కొంత ముందుజాగ్రత్త. ఇక రెండో విమానం విషయం: బ్యాగ్ చెక్-ఇన్ చేస్తే ఆ వ్యవధి చాలదు. చేతిలో పట్టుకెళ్లే బ్యాగ్ ఒక్కటే ఉంటే చాలుతుంది. ఎందుకో వివరంగా రాస్తాను. ఈ లెక్క ఒకసారి పట్టుబడితే ఏ రెండు ఊళ్ల మధ్యనైనా మీరే వేసుకోవచ్చు.

వెబ్‌సైట్ల లెక్క ఎక్కడ దారి తప్పింది

ఆ రెండు సైట్ల అంకెల మధ్య తేడా సరిగ్గా 30 నిమిషాలు. అది కాకతాళీయం కాదు. దూరాలు చూపించే సైట్లలో ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది: సూటి దూరాన్ని గంటకు 500 మైళ్లతో, అంటే 805 కిలోమీటర్లతో భాగిస్తారు. 412ని 805తో భాగిస్తే 0.51 గంట, అంటే 31 నిమిషాలు. మొదటి సైట్ అక్కడితో ఆగింది. రెండోది టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ కలిపి ఓ అరగంట చేర్చింది. అంతే తేడా. ఆ మార్గంలో ఏ విమానం తిరుగుతోందో రెంటికీ తెలియదు.

నిజానికి అరగంట కలపడం మంచి పద్ధతే. షెడ్యూళ్ల పని చేసేవాళ్లం కూడా తొలి అంచనాకు అదే వాడతాం. తప్పు ఆ 30లో లేదు, 805లో ఉంది. ఆ వేగం జెట్ విమానానిది. చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య తిరిగేవాటిలో చాలావరకు పంకాలున్న టర్బోప్రాప్‌లు. ఏటీఆర్ 72 పైన నిలకడగా ఎగిరేటప్పుడు వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. 412ని 500తో భాగించండి, 49 నిమిషాలు వస్తుంది. దానికి 30 కలిపితే గంటా 19 నిమిషాలు. మీ టికెట్ మీద గంటా 20 ఉంది. చూశారుగా, ఎంత దగ్గరగా వచ్చిందో!

కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఇంతే: సూటి దూరాన్ని ఆ విమానం వేగంతో భాగించి, అరగంట కలపండి. విమానం ఏదో తెలియకుండా దూరం ఒక్కటే చూసి సమయం చెప్పడం కుదరదు. అంచనాకు పనికొచ్చే వేగాలు ఇవీ (గాలి ప్రభావం లేనప్పుడు, గంటకు):

- సెస్నా గ్రాండ్ కారవాన్ లాంటి ఒంటి ఇంజిన్ విమానాలు: సుమారు 310 కి.మీ.
- ఏటీఆర్ 42, ఏటీఆర్ 72: సుమారు 500 కి.మీ.
- డాష్ 8 క్యూ400: సుమారు 650 కి.మీ.
- ఎంబ్రాయర్ 175, ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737: చిన్న దూరాలకు 800 కి.మీ. అనుకుంటే చాలు.

మీ 412 కిలోమీటర్లకే ఇవి వేసి చూడండి. క్యూ400కి గంటా 8 నిమిషాలు, జెట్‌కి గంటా 1 నిమిషం వస్తుంది. కారవాన్ ఎక్కువ ఎత్తుకు ఎక్కదు, రన్‌వే దాకా నడిచే దూరమూ తక్కువే, కాబట్టి దానికి అరగంటకు బదులు 15 నుంచి 20 నిమిషాలు కలపాలి. అయినా గంటా 35 దాటుతుంది. టికెట్ కొనేటప్పుడు విమానం రకం ఫ్లయిట్ నంబర్ పక్కనో, 'వివరాలు' నొక్కితేనో కనిపిస్తుంది. ముందు అది చూడండి.

ఈ సూత్రానికి ఒక హద్దుంది. 150 కిలోమీటర్ల లోపు దూరాలకు ఇది వాడకండి. స్కాట్లండ్ ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య విమానం ఉంది. దూరం 2.7 కిలోమీటర్లు, షెడ్యూలు 2 నిమిషాలు. గాలి అనుకూలించిన రోజున 53 సెకన్లలో చేరిన రికార్డు కూడా ఉంది. అక్కడ అరగంట కలిపితే అర్థమే లేదు.

ఆ గంటా 20 నిమిషాలు ఎలా ఖర్చవుతాయి

టికెట్ మీద ఉండేది 'బ్లాక్ టైమ్'. ఆగి ఉన్న విమానం దొర్లకుండా చక్రాలకు అడ్డుగా దిమ్మెలు పెడతారు. వాటినే బ్లాకులనీ చాక్స్ అనీ అంటారు. ఆ దిమ్మెలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతల ఆగి మళ్లీ దిమ్మెలు పెట్టే వరకూ ఉన్నది బ్లాక్ టైమ్. ఇప్పుడు చాలా విమానాల్లో తలుపులన్నీ మూసి పార్కింగ్ బ్రేక్ వదలగానే కదిలిన సమయం తనంతట తానే నమోదవుతుంది. చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి మళ్లీ నేలను తాకే వరకూ ఉండేది 'ఎయిర్‌బోర్న్ టైమ్', అంటే గాల్లో ఉన్న సమయం. జనం ఈ రెంటినీ కలిపి 'ఫ్లయిట్ టైమ్' అనేయడం వల్లే సగం గందరగోళం.

మీ ఏటీఆర్ ప్రయాణాన్ని ముక్కలుగా విడదీస్తే ఇలా ఉంటుంది.

స్టాండ్ (విమానం ఆగి ఉండే చోటు) నుంచి రన్‌వే మొదలు దాకా విమానం నడక: 8 నిమిషాలు. చిన్న ఎయిర్‌పోర్టుల్లో చాలాచోట్ల రన్‌వేకి పక్కనే సాగే సమాంతర టాక్సీవే ఉండదు. విమానం రన్‌వే మీదే చివరిదాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి, అప్పుడు పరుగు అందుకోవాలి. దీన్ని బ్యాక్‌ట్రాక్ అంటారు. ఆ సమయంలో వేరే విమానం దిగడానికి వస్తుంటే అది దిగి రన్‌వే ఖాళీ చేసేదాకా ఆగాల్సిందే.

పైకెక్కడం: 17,000 అడుగుల ఎత్తుకు సుమారు 15 నిమిషాలు. ఎక్కేటప్పుడు వేగం గంటకు 360 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, కాబట్టి ఆ 15 నిమిషాల్లో వెళ్లేది 90 కిలోమీటర్లే.

పైన నిలకడగా: 245 కిలోమీటర్లు, 29 నిమిషాలు.

దిగడం: 110 కిలోమీటర్లు, 17 నిమిషాలు. దిగడానికి పైలట్లు వాడే సులువు లెక్క ఒకటుంది, ప్రతి 1,000 అడుగులకు 3 నాటికల్ మైళ్లు (విమానాలకు, ఓడలకు వాడే మైలు, 1.852 కి.మీ.). 17,000 అడుగులకు 51 నాటికల్ మైళ్లు, వేగం తగ్గించుకోవడానికి ఇంకో 8, 9. మొత్తం 60, అంటే 110 కిలోమీటర్లు. చివరి భాగంలో వేగం బాగా పడిపోతుంది కాబట్టి ఈ దూరానికి సగటు 390 దగ్గరే ఉంటుంది.

దిగాక స్టాండ్‌కి నడక: 4 నిమిషాలు.

కూడితే గాల్లో 61 నిమిషాలు, నేల మీద 12, మొత్తం 73. మిగిలిన 7 నిమిషాలు విమాన సంస్థ ఉంచుకునే వెసులుబాటు.

పైన దూరాలు కూడి చూస్తే 90, 245, 110 కలిసి 445 అవుతుంది, 412 కాదు. అది పొరపాటు కాదు, విమానం నిజంగా అంత తిరుగుతుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు అదే మార్గంలో ఏ320 పెడితే? అది 28,000 అడుగులకు ఎక్కడానికి 14 నిమిషాలు, 150 కిలోమీటర్లు తీసుకుంటుంది. దిగడానికి దాదాపు 174 కిలోమీటర్లు, 20 నిమిషాలు. పూర్తి వేగంతో పరుగెత్తడానికి మిగిలేది 121 కిలోమీటర్లే, అది 9 నిమిషాల్లో అయిపోతుంది. గాల్లో మొత్తం 43 నిమిషాలు. అంటే జెట్ తన 800 కిలోమీటర్ల వేగాన్ని వాడుకునేది ఆ 43లో 9 నిమిషాలే! మిగతాదంతా ఎక్కడం, దిగడం. వేగంలో 60 శాతం ఎక్కువున్నా ఏటీఆర్ కంటే ఆదా అయ్యేది 18 నిమిషాలు. ఇంధనం మాత్రం ఎంతో ఎక్కువ తాగుతుంది. 500 కిలోమీటర్ల లోపు మార్గాల్లో టర్బోప్రాప్‌లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయంటే కారణం ఇదే. ఏటీఆర్ అని చూసి టికెట్ వదిలేసుకునేవాళ్లకు ఈ 18 నిమిషాల లెక్క తప్పకుండా చెప్పాలి.

దూరం సరిగ్గా చూశారా

మీ 412 సరైనదే అనుకుందాం. అయినా దూరం దగ్గర పొరపాట్లు చాలా జరుగుతాయి, ఒకసారి సరిచూసుకోండి.

ముందుగా, ఊరి నుంచి ఊరికి దూరమా, ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కా? చిన్న ఎయిర్‌పోర్టులు ఊరికి 20, 30, ఒక్కోసారి 60 కిలోమీటర్ల అవతల ఉంటాయి. పేరుతో కాకుండా మూడక్షరాల ఐఏటీఏ కోడ్‌తో వెతకండి. ఒకే పేరున్న ఊళ్లు మరీ ప్రమాదం. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో ఉంది, అమెరికాలోని అలబామాలోనూ ఉంది. పోర్ట్‌లండ్ ఒరెగన్‌లో ఒకటి, మెయిన్‌లో ఒకటి. సిడ్నీ ఆస్ట్రేలియాలోనే కాదు, కెనడాలోని నోవా స్కోషియాలో కూడా ఉంది. అన్నింటికీ ఎయిర్‌పోర్టులున్నాయి.

రెండోది కొలమానం. 412 కిలోమీటర్లంటే 256 మామూలు మైళ్లు, 222 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు సరిగ్గా 1,852 మీటర్లు. ఎక్కడో '256 మైళ్లు' అని ఉంటే దాన్ని నాటికల్ అనుకుని మారిస్తే 474 కిలోమీటర్లవుతుంది. 62 కిలోమీటర్లు గాల్లోంచి పుట్టుకొస్తాయన్నమాట.

మూడోది అక్షాంశ రేఖాంశాలు రాసే తీరు. 16°30′ అంటే 16.5 డిగ్రీలు, 16.30 కాదు. డిగ్రీకి 60 నిమిషాలు కదా. ఈ ఒక్క పొరపాటుతో 0.2 డిగ్రీ తేడా వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా అది 22 కిలోమీటర్లు.

సైట్ మీద నమ్మకం లేకపోతే కాలిక్యులేటర్‌తో మీరే వేయండి. 500 కిలోమీటర్ల లోపు దూరాలకు, ధ్రువాల దగ్గర కాకపోతే, స్కూల్లో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం చాలు. ఉదాహరణకు ఒక ఎయిర్‌పోర్ట్ 40°30′ ఉత్తరం, 8°15′ తూర్పు దగ్గర, ఇంకొకటి 43°45′ ఉత్తరం, 10°39′ తూర్పు దగ్గర ఉన్నాయనుకోండి.

1. అక్షాంశాల తేడా 3°15′, అంటే 3.25 డిగ్రీలు. దాన్ని 111.2తో (ఒక డిగ్రీకి ఇన్ని కిలోమీటర్లు) గుణిస్తే 361.4 కి.మీ.
2. రేఖాంశాల తేడా 2°24′, అంటే 2.4 డిగ్రీలు. దీన్ని 111.2తో గుణించి, రెండు అక్షాంశాల సగటు (42.125°) కొసైన్‌తో, అంటే 0.7417తో మళ్లీ గుణించాలి. 197.9 కి.మీ. వస్తుంది.
3. రెంటి వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే 412 కి.మీ.

రెండో మెట్టులో కొసైన్ మర్చిపోవడం అందరూ చేసే పొరపాటు. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ 111 కిలోమీటర్లయితే 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సగమే. ఇక భూమి పూర్తి గుండ్రం కాకపోవడం వల్ల సైట్‌కీ సైట్‌కీ ఓ రెండు కిలోమీటర్ల తేడా కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు.

విమానం సూటిగా వెళ్లదు

ఇందాక వాయిదా వేసిన 33 కిలోమీటర్ల సంగతి ఇది. సూటి దూరం కంటే నిజంగా ఎగిరే దూరం సాధారణంగా 5 నుంచి 10 శాతం ఎక్కువ. విమానాలు ప్రకటించిన దారుల వెంట, నిర్ణీత బిందువుల మీదుగా వెళ్తాయి. సైన్యం వాడుకునే గగనతలం అడ్డొస్తే చుట్టూ తిరగాలి. దూరం తగ్గేకొద్దీ ఈ శాతం పెరుగుతుంది, ఎందుకంటే రెండు కొసల దగ్గరా తిరిగే తిరుగుడు మారదు, మధ్య దారే తగ్గుతుంది.

రన్‌వే దిక్కు ప్రభావం చాలామంది ఊహించరు. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. మీరు తూర్పుకి వెళ్లాలి, గాలి పడమటి నుంచి వీస్తోంది అనుకోండి. లేవడం పడమటికి లేచి, ఎత్తు అందుకున్నాక వెనక్కి తిరగాలి. 3 నుంచి 5 నిమిషాలు అక్కడ పోతాయి. అవతల కూడా మీరొచ్చే వైపు నుంచి నేరుగా దిగే వీలు లేక, ఎయిర్‌పోర్ట్ దాటి వెళ్లి అవతలి కొస నుంచి రావాల్సి వస్తే మరో 5 నుంచి 8 నిమిషాలు. రాడార్ లేని చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఎయిర్‌పోర్ట్ మీదకు వచ్చి, అక్కణ్ణుంచి బయటికి వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి దిగే పద్ధతులు కూడా ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్ కిటికీలోంచి కనిపించాక కూడా పావుగంట గాల్లోనే ఉండటానికి కారణం ఇదే.

గాలి

గంటకు 500 కిలోమీటర్ల ఏటీఆర్‌కి 60 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీద లెక్కలో వేగం 440. 412కి 49 బదులు 56 నిమిషాలు. వెనుక గాలైతే 560, అంటే 44 నిమిషాలు. పోయేటప్పుడు 7 నిమిషాలు పోగొట్టుకుని, వచ్చేటప్పుడు 5 మాత్రమే తిరిగి సంపాదిస్తారు. రానూపోనూ గాలి చెల్లుకు చెల్లు అనుకుంటారు గానీ, అవదు. నెమ్మదిగా వెళ్లే వైపు గాలి మనల్ని ఎక్కువసేపు పట్టుకుని ఉంటుంది, అందుకే నష్టం ఎప్పుడూ ఎక్కువ.

మధ్య అక్షాంశాల్లో ఎత్తున వీచే గాలులు పడమటి నుంచి తూర్పుకి, చలికాలంలో మరింత బలంగా ఉంటాయి. అందుకే ఒకే మార్గంలో పోయేటప్పుడు గంటా 20, వచ్చేటప్పుడు గంటా 10 అని టికెట్ మీద కనిపిస్తుంది. షెడ్యూళ్లు కూడా ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారతాయి. గత సీజన్‌లో చూసిన సమయం ఈసారి కూడా అదే ఉంటుందనుకోకండి.

ఇక టైమ్ జోన్. టికెట్ మీద బయల్దేరే సమయం, చేరే సమయం రెండూ ఎక్కడివక్కడి గడియారాల ప్రకారం ఉంటాయి. మధ్యలో జోన్ మారితే రెంటి తేడా తీసేసి అదే ప్రయాణ సమయం అనుకోవడం తప్పు. 'వ్యవధి' అని విడిగా రాసిన అంకె చూడండి.

టికెట్ మీది సమయాన్ని ఎలా సరిచూసుకోవాలి

వెసులుబాటు అన్నాను కదా, అది ఒక్కో సంస్థ ఒక్కోలా పెడుతుంది. గమ్యానికి 15 నిమిషాల లోపు ఆలస్యంగా చేరితే సమయానికి వచ్చినట్టే లెక్కించడం ఈ రంగంలో వాడుక. ఆ అంకె బాగుండాలని కొందరు బ్లాక్ టైమ్‌ను కాస్త వదులుగా పెడతారు. 73 నిమిషాల పనికి 80 పెడితే న్యాయమే. 95 పెట్టారంటే అవతల ఎయిర్‌పోర్ట్‌లో రద్దీ ఉందనో, ఉదయం నుంచి పేరుకున్న ఆలస్యాన్ని మింగడానికనో అర్థం.

విమానాల రాకపోకలు చూపించే ఫ్లయిట్‌రాడార్24, ఫ్లయిట్‌అవేర్ లాంటి సైట్లలో మీ ఫ్లయిట్ నంబర్ కొట్టి గత వారం రోజుల చరిత్ర చూడండి. చూడాల్సింది మూడు. రోజూ అదే రకం విమానం వస్తోందా. నిజంగా స్టాండ్ చేరిన సమయం ఎంత. ఎన్ని రోజులు 20 నిమిషాలకు మించి ఆలస్యమైంది. సగటు తీయకండి. ఒక రోజు 3 గంటల ఆలస్యం మొత్తం లెక్కని పాడుచేస్తుంది. రోజుల్ని తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి మధ్యలోది తీసుకోండి. ఆ సైట్లలో కనిపించే 'ఫ్లయిట్ టైమ్' చాలాసార్లు గాల్లో ఉన్న సమయమే. 1:01 కనిపిస్తే టికెట్ అబద్ధం చెప్తోందనుకోకండి, నేల మీది 12 నిమిషాలు అందులో ఉండవు.

412 కిలోమీటర్లకు ఎక్కడైనా 2 గంటలా 40 నిమిషాలు అని కనిపిస్తే మధ్యలో ఎక్కడో ఆగుతోందని అర్థం. 'డైరెక్ట్' అంటే ఫ్లయిట్ నంబర్ మారదని మాత్రమే. మధ్యలో దిగి మళ్లీ లేవొచ్చు. ఆగకుండా వెళ్లేది కావాలంటే 'నాన్‌స్టాప్' అని ఉందో లేదో చూడాలి.

ఆలస్యాలు ఎక్కడి నుంచి వస్తాయి

ఒక ఏటీఆర్ రోజుకు ఆరేడుసార్లు ఎగరొచ్చు. ప్రతి మజిలీలో దిగి మళ్లీ లేవడానికి ఉండే సమయం 25, 30 నిమిషాలు. ఉదయం ఒకచోట 20 నిమిషాలు పోతే సాయంత్రానికి అది గంట అవుతుంది. అందుకే రోజులో మొదటి రెండు ఫ్లయిట్లే నమ్మదగినవి. మీది 9:30 కాబట్టి ఆ విషయంలో నయమే. కానీ పొద్దున్నే పొగమంచు పట్టే కాలమైతే లెక్క తిరగబడుతుంది. ఐఎల్‌ఎస్ (దిగే విమానానికి రేడియో సంకేతాలతో దారి చూపే ఏర్పాటు) ఉన్న రన్‌వే మీద మామూలు కేటగిరీ-1 పద్ధతిలో దిగడానికి రన్‌వే మీద కనీసం 550 మీటర్ల దూరం కనపడాలి. ఐఎల్‌ఎస్ లేని చిన్న ఎయిర్‌పోర్టులకు అంతకంటే చాలా ఎక్కువ కావాలి. పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో విమానాలు మామూలుగా దిగుతున్న పొద్దున, పక్క జిల్లాలోని చిన్న ఎయిర్‌పోర్ట్ మూసినట్టే ఉండటానికి కారణం ఇది.

ఇంకొకటి పని గంటలు. చాలా చిన్న ఎయిర్‌పోర్టులు 24 గంటలూ తెరిచి ఉండవు. సాయంత్రం చివరి ఫ్లయిట్ గంట ఆలస్యమై, అవతల మూసే సమయం దాటేలా ఉంటే అది అసలు బయల్దేరదు. తిరుగు ప్రయాణం చివరి ఫ్లయిట్‌కి పెట్టుకునే ముందు ఆ ఎయిర్‌పోర్ట్ ఎన్నింటికి మూస్తారో కనుక్కోండి. వేసవి మధ్యాహ్నాలు, ఎత్తైన ప్రదేశాలు, పొట్టి రన్‌వేలు ఈ మూడూ కలిస్తే బరువు తగ్గించాల్సి వస్తుంది. వేడిగాలి పలచన, రెక్కలకు పట్టు తక్కువ. అలాంటప్పుడు కొన్ని బ్యాగులు తర్వాతి ఫ్లయిట్‌లో వస్తాయి. మందులు, కాగితాలు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకండి.

ఇక మీ 12:20 ఫ్లయిట్

31 నిమిషాల లెక్క నమ్మితే 10:01కి దిగుతారు, 12:20 దాకా 2 గంటలా 19 నిమిషాలు ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు ఉన్నది గంటన్నర. అందులోనూ మీ చేతిలో ఉండేది ఎంతో చూడండి.

చెక్-ఇన్ బ్యాగుతో: 10:50కి విమానం ఆగుతుంది. తలుపు తెరిచి, బస్సు ఎక్కో నడిచో టెర్మినల్ చేరేసరికి 11:00. బ్యాగ్ బెల్టు మీదకు రావడానికి 15, 20 నిమిషాలు, అంటే 11:15 నుంచి 11:20. అక్కణ్ణుంచి బయటికి వచ్చి మళ్లీ డిపార్చర్ వైపు వెళ్లాలి. బ్యాగులు తీసుకునే కౌంటర్ చాలాచోట్ల బయల్దేరడానికి 60 నిమిషాల ముందు మూసేస్తారు, అంటే 11:20కే. అంతా సవ్యంగా జరిగిన రోజున కూడా మీకు ఒక్క నిమిషం మిగలదు. కౌంటర్ 45 నిమిషాల ముందు మూసే చోటైతే 11:35 దాకా ఉంటుంది, అప్పుడూ మిగిలేది పావుగంట. మొదటి విమానం 20 నిమిషాలు ఆలస్యమైతే అదీ పోయింది. వేర్వేరు టికెట్లు కాబట్టి రెండో సంస్థకు మీ మొదటి ప్రయాణంతో సంబంధం లేదు. తప్పిపోతే డబ్బులు మీవే.

చేతి బ్యాగుతో మాత్రమే: 11:00కి టెర్మినల్‌లో ఉంటారు. ఆన్‌లైన్ చెక్-ఇన్ ముందే చేసుకుంటే నేరుగా సెక్యూరిటీకి. గేటు 25 నిమిషాల ముందు మూస్తారనుకున్నా 11:55 దాకా సమయం ఉంది. సెక్యూరిటీకి పావుగంట పోయినా 40 నిమిషాలు మిగులుతాయి. చాలు.

ఇక్కడ ఏటీఆర్ గురించి తెలియాల్సింది ఒకటుంది. దాని పైఅరలు చిన్నవి. జెట్‌లో మామూలుగా పట్టే చక్రాల బ్యాగ్ చాలాసార్లు ఇందులో పట్టదు. విమానం మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. అవతల అది మెట్ల దగ్గరే చేతికి ఇస్తారా, బెల్టు మీదకు పంపిస్తారా అని ఇచ్చేటప్పుడే అడగండి. బెల్టు మీదకైతే మీ 20 నిమిషాలు మళ్లీ పోయినట్టే. భుజానికి తగిలించుకునే మెత్తటి బ్యాగైతే ఈ చిక్కే లేదు. ఇంకో మాట, ఏటీఆర్ 72లో ప్రయాణికులు ఎక్కి దిగే తలుపు వెనుక ఉంటుంది, ముందు భాగం సామానుకి. త్వరగా దిగాలంటే వెనుక వరుసల్లో సీటు అడగండి. ముందు వరుస తీసుకుంటే అందరికన్నా చివర దిగేది మీరే.

బ్యాగ్ తప్పనిసరైతే రెండు దారులున్నాయి. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద దొరుకుతాయేమో చూడండి. అప్పుడు బ్యాగ్ చివరిదాకా ట్యాగ్ అవుతుంది, విమానం తప్పితే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లది. ట్యాగ్ మీద చివరి ఎయిర్‌పోర్ట్ కోడ్ ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. అలా దొరక్కపోతే రెండో టికెట్‌ను 13:50 తర్వాతి దానికి మార్చుకోండి. 10:50 నుంచి 3 గంటలు ఉంటే గంట ఆలస్యమైనా, బ్యాగ్ నెమ్మదిగా వచ్చినా తట్టుకుంటుంది.